దోసెడు ఉసిళ్ళు

మూడురోజుల ముసురు నిన్ననే వెలిసింది.
పొద్దున ఏడింటికి ఆత్మకూరు బస్టాండు దగ్గర
ఆరుగురిని వ్యానెక్కించాను.
మెడలో బ్యాడ్జి: శ్రీను, గైడు.
ఇంటిపేరు ఏదని ఎవరైనా అడిగితే
కార్డులో చోటు చాల్లేదంటాను.

ముందు ట్రంకురోడ్డు సందులో కారం దోసె.
హైదరాబాదు దంపతులు కళ్ళు తుడుచుకున్నారు.
బట్టీపట్టిన వాక్యం వదిలాను:
"తరతరాల నాటిదండీ మా నెల్లూరు కారం."
మెక్సికో నుంచొచ్చిన నయేలి
వేళ్ళు నాక్కుంటూ నవ్వింది,
"మిరపకాయ ఓడెక్కింది మా వైపు నుంచే కదా!"
అందరూ నా మొహం చూశారు.
దోసె మాత్రం మాదే అన్నాను.
ఆమె ఇంకోటి చెప్పించుకుంది.

పదకొండుకి మలైకాజా.
కోవూరు దాటాక చేపల పులుసు,
నిన్నటిది,
ఆ సంగతి గర్వంగా చెప్పాలి.
మామిడికాయల కాలం కాదని
వంటామె రెండుసార్లు నొచ్చుకుంది.

చివరి మజిలీ ఇసకపల్లి, ఉప్పు మళ్ళ అవతల.
మా కాగితంలో దాని పేరు
'ఆదివాసీ సంప్రదాయాలు, గంటంపావు.'
ఇరవై మూడు గుడిసెలు,
రెండు కుళాయిలు, ఒకదానికే నీళ్ళు.

ఇక్కడికొచ్చేసరికి నా గొంతు మారుద్ది,
మైకు లేకపోయినా మైకులో మాట్లాడినట్టు:
"యానాదులండీ.
వల లేకపోయినా వాళ్ళకి చేప దొరుకుద్ది.
బురదలో పాదం పెట్టి
పీత ఎటు మళ్ళిందో చెప్తారు వాళ్ళు.
ఏ వేరు ఏ నొప్పికో వాళ్ళకి తెలుసు..."
వాళ్ళు, వాళ్ళు, వాళ్ళు.
నాలుగేళ్ళుగా ఆ మాటని
అద్దెకు తెచ్చిన కోటులా తొడుక్కుంటున్నాను.
చంకల్లో పిగులుతున్నా.

తుపాకుల అంకమ్మ చాట తెచ్చి దించింది.
రాత్రి పుట్టకాడ దీపం పెట్టి పట్టిన ఉసిళ్ళు.
రెక్కలు చెరిగేసి, పెనం మీద వేయించి,
వేపుడు బియ్యం, ఉప్పు,
రోట్లో నలగ్గొట్టిన ఎండుమిరప.
హైదరాబాదామె చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది.
ఆయన ఫోను తీశాడు.
"పురుగులా?"
"అవును సార్, వాళ్ళు తింటారు" అన్నాను.
సరిగ్గా అలాగే అన్నాను.

నయేలి చాట ముందు గొంతుక్కూచుని
దోసిలి పట్టింది.
"మా అమ్మమ్మ మిడతల్ని వేయించేది,
నిమ్మరసం పిండి, మిరప్పొడి చల్లి.
సంతలో గంపకెత్తి అమ్మేది.
బళ్ళో ఆ పొట్లాన్ని
సంచి అడుగున దాచేదాన్ని నేను."

అంకమ్మకి తెలుగులో చెప్పబోయాను.
మిడతల దాకా బానే వచ్చింది.
సంచి అడుగు దగ్గర నోరు ఆగిపోయింది.
అల్లూరు హాస్టల్లో నా ఖాకీ నిక్కరు జేబు,
అందులోంచి కమ్మటి వాసన,
తరగతంతా ముక్కులు మూసుకున్న ఒక సోమవారం.

అంకమ్మ నన్నే చూస్తోంది.
నువ్వెవరో ఎరగనట్టుండమన్న నా మాటని
నాలుగేళ్ళు నిలబెట్టిన మనిషి.
"ఏంరా శీనయ్యా,
చెప్పడమేనా, తినేదేమన్నా ఉందా?
వానొస్తే దీపం పెట్టమని
మీ అమ్మని నిద్రపోనిచ్చావా ఎప్పుడన్నా!"

వ్యాను దగ్గర ఎవరిదో సీసా మూత
కిందపడి దొర్లిన చప్పుడు.

"పెట్టు చిన్నమ్మా" అన్నాను.

పంటికింద పుటుక్కుమన్నాయి.
ముందు కమ్మదనం,
కారం ఆ తర్వాత, మెల్లిగా,
గొంతులో ఎక్కడో.

తిరుగుదారిలో ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు.
నయేలి మిగిలినవి పేపరు పొట్లం కట్టించుకుంది.
సంచి పైనే పెట్టుకుంది.
పెన్న వంతెన మీద లారీల వెనక ఆగినప్పుడు
హైదరాబాదాయన ముందుకి వంగాడు.
"మరి... ఎలకల్ని కూడా
వాళ్ళు..."
"తింటాం సార్.
వరికోతలప్పుడు రండి."

ఆరింటికి దించాల్సింది, ఏడయింది.
ఖాళీ వ్యానులో లైటు కింద
బ్యాడ్జి తీసి చూశాను.
శ్రీను ముందు
ఇంకో నాలుగక్షరాలు పడతాయి.