పది నిండడానికి ఎంత తక్కువ

ఆర్ అండ్ డి యార్డులో నైట్ డ్యూటీ.
కిరండూల్ నుంచి దిగిన రేకు
ఇంకా వేడిగానే ఉంది, బ్రేకులు కాలిన వాసన.
ఎర్రదుమ్ము మీద ఉప్పుగాలి ఆడి
వ్యాగన్లన్నీ చెమట పట్టిన ఇటుకల్లా ఉన్నాయి.

మా పని నంబర్లు రాసుకోవడం.
టార్చి, తడిసిన పుస్తకం, చెవి మీద పెన్సిలు.
బొడ్డేటి అసిరయ్య ముందు, నేను వెనక.
యాభై ఎనిమిది వ్యాగన్లు,
ఒక్కోదానికి పదకొండు అంకెలు.

ముప్పయ్యోదాని దగ్గర ఆగిపోయాం.
ఏడో అంకె ఉండాల్సిన చోట
అరచేతంత తుప్పు.

"ఏదో ఒకటి రాసెయ్యండి" అన్నాను.
"ఏదో ఒకటేట్రా? అదే చెప్తాది. అడగాల."

సరి స్థానాల్లోవి కూడితే ఇరవై,
మూడింతలు చేస్తే అరవై.
బేసి స్థానాల్లో, పదో అంకె దాకా, కనబడినవి పందొమ్మిది.
చిట్టచివర కాపలా కూచున్న ఎనిమిది.
వెరసి ఎనభై ఏడు.
"తొంభైకెంత తక్కువ?"
"మూడు."
"తుప్పు తిన్నది అదే."

టార్చి వెలుగులో చేత్తో రుద్ది చూశాను.
మూడుకున్న పై వంపు, చీమ తల అంత, మిగిలే ఉంది.

రెండువేల రెండువందల ఏడు కోట్ల
తొంభై నాలుగు లక్షల
ముప్పై ఒక్క వేల ఎనిమిది వందల అరవై ఎనిమిది.
ఆయన దాన్ని పేరు పిలిచినట్టు చదివాడు.

ఆఫీసుకొచ్చి చూస్తే పుస్తకంలో నా తప్పు.
తయారైన ఏడాది తొంభై నాలుగు,
నేను నలభై తొమ్మిది అని తిప్పేశాను.
మళ్లీ కూడాం. డెబ్భై అయిదూ పదిహేడూ తొంభై రెండు,
చివర ఎనిమిది, వంద.
లెక్క ఒప్పేసుకుంది.
అయిదు తేడా ఉన్న అంకెలు పక్కపక్కన చోటు మారితే
కాపలావాడికి కనబడదు.

అసిరయ్య గట్టిగా నవ్వాడు.
"నాదీ నలభై తొమ్మిదే, సర్వీసు పుస్తకంలో.
బడిపంతులు నా పళ్లు చూసి రాసింది.
మాయమ్మకి వానల కాలమనే గేపకం.
ఎవుడు కూడి చూశాడు?"

టీ వచ్చేలోగా రేకు కాగితం వెనక
ఆ సంఖ్యని విప్పడం మొదలెట్టాడు.
నాలుగు పోయింది. పదమూడు పోయింది.
మిగిలింది నలభై రెండు కోట్ల నలభై ఆరు లక్షల
నాలుగు వేల నాలుగు వందల యాభై తొమ్మిది.
అక్కణ్ణుంచి మొండికేసింది.
పదిహేడుకి లొంగలేదు, పందొమ్మిదికి లొంగలేదు.
ముప్పై ఒకటి దగ్గర ఒక్కటంటే ఒక్కటి మిగిలి
ఇద్దరం "అయ్యో" అన్నాం.

నలభై ఏడు దాకా వచ్చేసరికి
డాల్ఫిన్స్ నోస్ మీద లైటు వెలవెలబోయింది.
టిప్లర్ ఆ వ్యాగన్ని ఎత్తి బోర్లించి
ఖనిజమంతా దులిపేసింది.
నంబరు మాత్రం ఒలకలేదు,
ఖాళీ పెట్టె మీద కొండెక్కిపోయింది.

ఆయన రిటైరయినప్పుడు ఆ కాగితం నాకిచ్చాడు.
మాట ఏమీ చెప్పలేదు.
ఇది ప్రధాన సంఖ్యో కాదో
ఫోనుని అడిగితే రెప్పపాటు పని.
అడగలేదు.

నిన్న రాత్రి వాన, రేకులు లేటు.
చాన్నాళ్లకి ఆ కాగితం తీసి
ఆయన రాత కింద నా రాతతో
యాభై మూడు పెట్టి భాగించాను.
పోలేదు.
శేషం
నలభై ఏడు.