మూడు కిలోవాట్లు

రామమూర్తి నగర్, నాలుగో క్రాస్.
నెలకి రెండువేల తొమ్మిదొందలు కరెంటు బిల్లు.
రెండు గ్రైండర్లు, ఒక ఫ్రిజ్జు.
ఈ వీధి పొద్దున్నే పోసుకునే దోసెల పిండి నాది.

ప్రజ్వల్ అనే పిల్లోడు మిద్దెక్కి
ఫోన్లో సూర్యుణ్ణి చూసినాడు,
తల పైకెత్తలేదు.
"దక్షిణం బాగుందక్కా. ఆరు పలకలు."
కాగితం మీద లక్షా తొంభై ఐదు వేలు.
సర్కారు ఇచ్చేది తర్వాత వస్తుందంట.
తర్వాత అంటే ఉద్దిపప్పు అంగడోడు ఊరుకుంటాడా?
గాజులు రెండూ పోయి బ్యాంకులో పడుకున్నాయి.

అప్పుడన్నాడు, పెన్నుకి మూత పెడతా:
"ఆ రేకుల రూము తీసెయ్యాల. పలకల మీద నీడ పడుతుంది."

ఆ రూములో తిప్పేస్వామి ఉన్నాడు.
రాత్రంతా ఏదో కంపెనీ గేటు కాస్తాడు,
పగలంతా నా రేకు కింద
పెనం మీద దోసె మాదిరి
అటు తిరిగి, ఇటు తిరిగి.
పావగడ మనిషి.
వాళ్ల ఊర్లో ఆసామి చేనంతా పలకలకే బాడుగకిచ్చినాడు.
శెనక్కాయ పీకేది లేదు, కలుపు తీసేది లేదు.
"నీలంగా ఉంటాదక్కా.
చెరువనుకోని కొంగలు దిగేవి,
చూసుకోని మళ్లీ లేచిపోయేవి."

అవే పలకలు మెట్లెక్కి వస్తున్నాయని
వానికి ఏ నోటితో చెప్పేది?

మూడు రాత్రులు లెక్కలేసినాను.
రూము బాడుగ మూడున్నర వేలు పోతే
ఎండలో నాకు మిగిలేదేముంది?
ఒట్టి లెక్కే అయితే ఒక్క రాత్రి చాలు.

ప్రజ్వల్‌కి ఫోన్ చేసి
రూము పైనే పెట్టు, కాళ్లు పొడుగు చెయ్యి అన్నా.
"ఇనుముకే ఇరవై నాలుగు వేలక్కా!"
కిలో అరవై లెక్కన
నాలుగొందల కిలోల పిండి.
సరే అన్నాను. అన్నాక కూర్చున్నాను.

బిగించిన తర్వాతి నెల బిల్లు నూట డెబ్బై.
ఒకరోజు సాయంత్రం ఐదైనా తిప్పేస్వామి లేవలేదు.
గుండె జారి తలుపు బాదినాను.
చెంప మీద చాప అచ్చుతో వచ్చి
"ఏం లేదక్కా. నిద్ర పట్టింది" అన్నాడు,
తప్పు చేసినోడి మాదిరి.

ఒకటో తారీఖు బాడుగ మూడొందలు పెంచినాను.
అంత ఇనుమూ నేనొక్కదాన్నే మింగాలంటే ఎట్ల?
నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, పైకి చూసి
"నీడక్కూడా మీటరు పెడితివా?" అన్నాడు.

నవ్వినాడో లేదో చూడలేదు.
గ్రైండర్ వైపు తిరిగినాను.
పొద్దున్నుంచీ అది
ఎండతోనే తిరుగుతా ఉంది.