ఎండ పలచబడిన ఏడు

కోపెన్‌హాగన్‌లో ఒక గది. మైనస్ ఇరవై.
గ్రీన్లాండ్ నుంచి తెచ్చిన మంచుకడ్డీల్ని
అడ్డంగా కోస్తుంటాను, జీతానికి.
ఇవాళ రంపం కింద ఒక బూడిదగీత తగిలింది,
గోటిసందున మట్టంత.
"క్రీస్తుకు ముందు నలభై మూడు" అన్నాడు యోర్గెన్,
కాఫీ ధర చెప్పినట్టు.

ఆ ఏడు ఎండ ఉంది. చురుకు లేదు.

ఎలిఫెంటైన్ లంకలో పఖ్నూమ్
నైలు నదిని మెట్లతో కొలిచేవాడు.
తండ్రి అప్పగించిన కొలువు:
పొద్దున్నే దిగడం, తడి ఎక్కడ ఆగిందో గోడ మీద గీయడం.
ఆ వేసవి కింద కొత్త మెట్లు పుట్టాయి.
బుద్ధెరిగాక తను చూడనివి.
ఎండిన నాచు, తాత గీసిన గీత, ఒక పిల్లి దవడ.
గట్టు మీద జనం ఏమీ అడగరు.
పైకొచ్చేటప్పుడు అతని పాదాలు చూస్తారు,
ఎందాకా తడిశాయో అని.
పదకొండో రోజుకి అతని వల్ల కాలేదు.
చీకటితో లేచి, కూజాతో ముంచుకొచ్చి
మూడు మెట్లు పైదాకా తడిపాడు.
తెల్లారి పిల్లలు కేకలేశారు. ఒక ముసలాయన ఏడ్చాడు.
ఎవరింట్లోనో విత్తనాల కుండ మూత తీసి
దోసెడు గోధుమలు వండేశారు, పండగలా.
ఆ వాసన ఆగి ఆగి అతని వాకిట్లోకొచ్చింది.
మధ్యాహ్నానికి మెట్లు ఆరిపోయాయి.
అంత నీరసపు ఎండకి కూడా
ఆ మాత్రం చేతనైంది.

రోములో ఎవరు ఎవర్ని చంపించారో పుస్తకాల్లో ఉంది.
తెర్తుల్లా రొట్టెల్లో ఏం కలిపిందో లేదు.
ముందు తవుడు. తర్వాత ఓక్ కాయల పిండి.
తర్వాత కొట్టు మూసేసింది.
క్యాలెండర్ సరిచేసి రెండేళ్ళయింది;
రుతువులకి ఎవరూ చెప్పినట్టు లేదు.

చాంగాన్‌కి తూర్పున, మూడో నెలలో మంచు కురిసి
మల్బరీ చిగుళ్ళు ఉడికిన ఆకుకూరలా వేలాడాయి.
సూర్యుడు నీలంగా, విరిగిన పాలలా.
నడిమధ్యాహ్నం గెంగ్ యువాన్ తన నీడని వెతుక్కుంది.
మాడని ఆకులు ఏరి, చొక్కాలో పొట్టకానించుకుని,
చలి విరిగాక తట్టల్లో పరిచేది.
పట్టుపురుగులు మేస్తుంటే
పెంకుల మీద వాన పడుతున్నట్టు ఉంటుంది.
ఆ వాన ఒక రాత్రి వెలిసింది.
పక్కగదిలో అత్తగారు ఉలిక్కిపడి లేచింది:
"ఏమిటీ, ఆగిపోయింది?"

తప్పెవరిదో అందరికీ తెలుసు.
ఒకచోట అలిగిన దేవత, ఒకచోట నిరుటి తోకచుక్క,
ఇంకోచోట కొలువులో చెడ్డమంత్రి.
పఖ్నూమ్‌కి మాత్రం తన కూజాయే అనిపించేది.

అసలు కొండ వీళ్ళెవరి పటంలోనూ లేదు.
ఎక్కడో ఉత్తరపు దీవుల్లో, చలికాలం మధ్యలో,
సీల్ పేగులతో కుట్టిన చొక్కా తొడుక్కున్న ఒకామె
తోలు పడవ నీళ్ళలోకి తోస్తూ వెనక్కి చూసింది:
కొండకి నెత్తి లేదు.
ఆమె పేరు నాకు తెలీదు. పెట్టబుద్ధి కాలేదు.
బిడ్డ కళ్ళలో బూడిద పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి
గాలి ఎటు వీస్తుందో చూసుకుంది.
అటే పోయింది గాలి, అందరి మీదికీ.
కారణాన్ని కళ్ళారా చూసిన మనిషికి
ఇన్ని ఆకళ్ళున్నాయని తెలీదు.

యోర్గెన్ భోజనానికి పిలిచాడు.
నడవలోకొచ్చాక గ్లవ్ మీది రంపపుపొడి కరిగింది.
నీళ్ళు ఎందాకా వచ్చాయో చూసుకున్నాను.
మణికట్టు కూడా తడవలేదు.