ఎడమకి తిరగండి

వంటింటి బల్ల మీద పటం పరిచాడు ఫ్లూరిన్.
మడతల దగ్గర చిరిగి
రెండు లోయలు ఎప్పుడో వేరుపడ్డాయి.

"తేలిక దారే. గంటంబావు నడక.
పసుపు బాణాలు చూసుకుంటూ పొండి,
సరస్సు దగ్గర ఎడమకి తిరగండి."
ముప్పై ఒక్క ఏళ్లు
కేబుల్ కారు తలుపు వేస్తూ
వేలమందికి చెప్పిన మాట.
ఎక్కించడం, దించడం.
ఎడమకి తను ఒక్కసారీ తిరగలేదు.

"ఎవరికైనా చెప్పావా ఆ సంగతి?"
రై రొట్టె కోస్తూ ఉర్సీనా.
"అడిగితేగా!"

ఇక లెక్కలు.
తొమ్మిదింబావు కారు అందుకుంటే
మబ్బు దిగేలోపు సరస్సు.
కిందికి ఆఖరి కారు నాలుగూ నలభైకి,
అది తప్పితే మోకాళ్లే గతి,
అందులో ఒకటి ఆసుపత్రివాళ్లది.
జున్ను, నాలుగు ఆప్రికాట్లు, వానకోట్లు.
చేతికర్ర వద్దంటే వద్దన్నాడు.
ఆవిడ తలుపు పక్కన ఆనించి ఉంచింది.

టికెట్టు దగ్గర పెన్సిలు ఆగింది.
నా కారుకి నేనే డబ్బు కట్టాలా?
అరవై నాలుగు దాటితే సగం ధర,
ఆ కాగితం గోడకి అంటించిందీ తనే,
కొంచెం వంకరగా.

దీపం ఆర్పాక
వెల్లకిలా పడుకుని
మూడో స్తంభం దగ్గర వచ్చే ఊపుకి
నిద్రలోనే కాళ్లు ఎడం చేశాడు.
ఉర్సీనా మోచేత్తో పొడిచింది.
"ఇంతకీ ఆ సరస్సు ఏ రంగు?"

చాలాసేపటికి అన్నాడు:
"దిగొచ్చినవాళ్లు
ఒక్కొక్కళ్లు ఒక్కోటి చెప్పేవాళ్లు."