రాయి

కోటిపల్లి దిగువన ఇసుక రేవులో
నా పని రాయడం.
పడవ పేరు, ఎన్ని బకెట్లు, ఎవరి వంతు.
"రాయి, గుమస్తా, రాయి" అని
పొద్దుటి నుంచీ అరుస్తూనే ఉంటాడు మేస్త్రీ.
ఆ మాటలో ఇంకో మాట ఉందని
పదమూడేళ్ళూ నాకు తట్టలేదు.

మా లంకల్లో రాయి పుట్టదు.
నుయ్యి తవ్వితే ఒండ్రు, ఇంకా తవ్వితే ఇసుక,
ఆ కింద ఉప్పు నీళ్ళు.
కుక్కను అదిలించాలన్నా మట్టిబెడ్డే.
గడపరాయి, పొత్రం, బట్టలుతికే బండ
అన్నీ ఇల్లరికం వచ్చినవే.

మొన్న మాఘంలో, నీరు తేటపడ్డాక,
ఓలేటి కాశిరాజు మునిగి లేచేసరికి
బకెట్టులో ఇసుకతో పాటు
అరచేతికి రెండింతలున్న నల్లటి పలక.
ఒక అంచు విరిగి ఉంది.
విరిగినచోట పొయ్యిలో కాలినట్టు మసిరంగు.
"దీన్ని లెక్కలో వేయకండి" అన్నాడు నవ్వి,
చెవిలో నీళ్ళు దులుపుకుంటూ.

పక్షం రోజులు అది
నా చిట్టాల మీద బరువు.
ఏటిగాలికి కాగితాలు ఎగరకుండా
నోరు మూసుకుని కూర్చుంది.

ఒక సాయంత్రం
ఏటవాలు ఎండ తడికెలోంచి దూరి
పలక మీద పడింది.
పడగానే ఓ మూపురం లేచింది.
తర్వాత వీపు, మెడ కింద గంగడోలు,
కొమ్ములు.
ఒక జత కాదు, మూడు జతలు,
నేను కొట్టేసి, దాని మీదే మళ్ళీ దిద్దిన
అంకెల్లాగా.
ఎండ జారింది.
ఎద్దు రాతిలోకి వెళ్ళిపోయింది.
నా చెయ్యి మాత్రం అక్కడే ఉంది, గొడ్డును నిమురుతున్నట్టు.

ఆవకాయ రోజుల ముందు ఏటా వస్తుంది
మెట్ట నుంచి గుంజి తిరుపాలమ్మ,
రోళ్ళకూ సన్నికళ్ళకూ కక్కు కొట్టడానికి.
పలక ఆమె ఒళ్ళో పెట్టాను.
చూడలేదు. కళ్ళు మూసుకుని
బొటనవేలితో తడిమింది,
పసిగుడ్డు మాడు తడిమినట్టు.

"ఇనుం కాదయ్యా. ఇనుమైతే చుక్క అడుగున మొన దేలుద్ది.
ఇది రాత్తో రాతిని కొట్టింది.
కొట్టి, ఆనక ఇసకా నీళ్ళూ పోసి రుద్దారు.
ఈడ కొత్తోడు, దెబ్బ జారింది చూడు.
ఈడ చెయ్యి తిరిగినోడు.
ఈ ఎనక్కాలు మాత్రం ఎడం చేత్తో కొట్టారు,
కుడి చెయ్యి అలిసిందో,
సంకన బిడ్డ ఉందో తల్లికి."

మరి మూడు ఎద్దులెందుకు?
"మీ రోటికి ఎన్నిసార్లు కక్కు కొట్టాను?
అరిగినప్పుడల్లా. ఇదీ అరిగుంటది.
మళ్ళా కావలసొచ్చుంటది."
దేనికి కావలసొచ్చింది?
ఉలి మొన నోటితో ఊది
"అది నూరుకున్నోళ్ళకి తెలవాలి" అంది.
కూలి పది రూపాయలు ఇవ్వబోతే
"కక్కు కొట్టందే డబ్బులేంటి" అని లేచిపోయింది.

ఆ రాత్రి కరెంటు లేదు.
కాశిరాజు లాంతరు తెచ్చాడు.
దీపం ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరిపితే
మొదటి కొమ్ములు ఆరి, రెండోవి వెలిగి, మూడోవి.
"మూడు కాదండీ బాబూ" అన్నాడు మెల్లిగా.
"ఒకటే. తల ఊపుతోంది."
మేమిద్దరం ఊపిరి బిగబట్టాం.
అలికిడైతే పారిపోతుందేమోనని.

అప్పట్నుంచి అతను మునిగితే
ముందు కాలితో అడుగంతా వెతికి
తర్వాతే బకెట్టు ముంచుతాడు.
మిగతా సగం ఎక్కడో ఉండాలి కదా,
ఆ ఎద్దుకు ముందు కాళ్ళు లేవు.
రోజుకు రెండు బకెట్లు తక్కువొస్తున్నాయి.

నేను మాత్రం మాఘం చిట్టా తెరిచి
ఆ తేదీ కింద చేర్చాను:
రాయి, ఒకటి.
నెలాఖరున మేస్త్రీ అక్కడ వేలు పెట్టి
కళ్ళజోడు సర్దుకున్నాడు.
"రాయి ఒకటి అని ఉందేంటి?
ఎవరికి చెప్పావు?
ఏం రాయాలి?"