తరుగు

ఏప్రిల్లో, ఫ్యాక్టరీకి తొలి కాయ దిగకముందు
ఒక ఆదివారం కూచోని రాసినా దాన్ని.
చిత్తూరు దాటినాక రోడ్డుపక్క గుజ్జు ఫ్యాక్టరీ,
కాటా గది, పాత కంప్యూటరు.
బండి కాటా ఎక్కగానే
మౌసు తనంతట తానే కదలాల,
అడ్డం ఆరువందల నలభై, నిలువు నాలుగువందల పన్నెండు,
అక్కడొక నొక్కు.
రెండు సెకన్లు ఆగాల.
ధర పన్నెండు. తరుగు నూటికి ఐదు.
చీటీ బయటికి.

నా చెయ్యి తగలకనే చీటీ వొస్తా ఉంటే
మొగిలప్ప మేస్త్రీ గడపలోనే నిలబడిపోయినాడు.
"దెయ్యం టైపు కొడతా ఉండాదిరా" అన్నాడు.
నేను కాలుమీద కాలేసుకోని టీ తాగినా.

ఒక్కో అంకె ఏడేడు చోట్ల,
రాతిమీద చెక్కిన మాదిరి.

జూన్లో వెడల్పు మానిటరు తెచ్చి పెట్టినారు.
దెయ్యం పోయి పోయి 'రద్దు' మీద నొక్కింది.
పద్నాలుగు ట్రాక్టర్లు కాటా ఎక్కి దిగినాయి,
లెక్కలో ఒక్కటీ లేదు.
ధర తొమ్మిదికి జారిన దినం
ఆరు చోట్ల మార్చి ఏడోది మరిచినా.
అంకె పీకి అంకె పెట్టి, తిట్లు తిని, అదీ సర్దుకున్నా.

సర్దుకోలేనిది తవణంపల్లె కుప్పమ్మ అడిగింది.
చీటీని ఎండకు ఎత్తి పట్టుకోని,
"నాయనా, కాయ చూడకనే తరుగెట్టా రాసినావు?
ఒకటొకటే ఏరినా. తొడిమ గిల్లి, సొన కార్చి,
మచ్చ ఉండేవి ఆవుకేసి వొచ్చినా."

ఏం చెప్పేది?
ఈ దినం రాయలేదవ్వా, ఏప్రిల్లో రాసినా అనా?
నీ కాయ పిందెగా ఉన్నెప్పుడే
కుళ్లిందని రాసి పెట్టుకున్నా అనా?

ఆ రాత్రి షిఫ్టయినాక ఫైలు తెరిచినా.
తెర వెలుగుకు గుజ్జు ఈగలు.
అంకెలన్నీ పెరికి
ఆ గుంతల్లో పేర్లు నాటినా.
ధర. తరుగు. ఆగేదెంతసేపు.
విలువలు మాత్రం పైన, తొలి వరసల్లో, ఒక్కచోటే.
కింద ఎక్కడ పేరుపెట్టి పిలిచినా పలకాల.
మౌసుకు చెప్పినా,
బట్టీపట్టిన కొలత నమ్మొద్దు,
కిటికీ అంచు వెతుక్కోని అక్కణ్ణించి లెక్కపెట్టుకో.
రెండు సెకన్లు కాదు, తెరుచుకునేదాకా ఆగు.

ధరకు పొద్దున్నే ఫోన్లో చెప్పే అంకె పోస్తా.
తరుగును ఖాళీగా ఇడిచిపెట్టినా.

ఇప్పుడు బండి బండికీ
తెర నడిమధ్యన చిన్న పెట్టె లేస్తుంది.
తరుగు ఎంత?
సన్నగీత మినుకుమినుకుమంటా
నేను పలికేదాకా కదలదు.

బండ్లు రోడ్డుదాకా నిలబడి ఉండాయి.
మేనేజరు నా వెనక చేరి
"ఐదు కొట్టవయ్యా, ఐదు" అంటాడు.
ఒక్కోసారి కొడతా. అబద్ధమెందుకు.
కానీ అప్పుడు కొట్టేది నా వేలే,
దెయ్యం మీద తోసేకి లేదు.

ఈ పొద్దు మళ్లా కుప్పమ్మ ట్రాక్టరు.
పెట్టె లేచింది.
కిటికీలోనించి తోతాపురి ముక్కులు కనబడతా ఉండాయి,
పై వరస మాత్రం.

కుర్చీ వెనక్కి నెట్టినా.
కింది వరస చూడాల.