వచ్చిన తేదీ

టోలిచౌకీ ఆసుపత్రిలో, రాత్రి రెండు గంటలు.
బిల్లింగ్ కౌంటర్ అద్దానికి చెయ్యి పట్టేంత కిటికీ.
అందులోంచి మొహాలు సగమే కనిపిస్తాయి,
పర్సులు పూర్తిగా.

ముబారక్ వచ్చాడు. సూడాన్ వాడు.
ఉస్మానియాలో ఎర్రమట్టి మీద పీహెచ్‌డీ.
చేతిలో భార్య చెప్పులు,
లేబర్ రూమ్ గుమ్మం దగ్గర విప్పించినవి,
ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదట.

మొదటి గడిలో పేరు: ఇతిదాల్.
తర్వాత వయసు: ఇరవై ఆరు.
ఆ తర్వాత జాతీయత. అందులో రెండే ఉంటాయి,
భారతీయులు, ఇతరులు.
ఇతరులు అని నొక్కగానే
అంకెలు వాటంతటవే ఒకటిన్నర రెట్లవుతాయి.
అరవై వేల కాన్పు తొంభై అయి కూర్చుంటుంది.
నేనేం పెంచను.
నా వేలు అక్కడుంటుంది, అంతే.

పైనుంచి అరుపు వినబడింది: యుమ్మా!
మన అమ్మకూ దానికీ
మొదటి అక్షరమే తేడా.

అతను డబ్బు కట్టిన తీరు చెప్పాలి.
జెద్దాలో అన్న పంపినవి, బ్యాంకు రబ్బరుబ్యాండుతో సహా.
పారామౌంట్ కాలనీ గదిలో నలుగురు కుర్రాళ్లు పోగేసిన పదకొండు వేలు.
ఇతిదాల్ గాజు అమ్మితే వచ్చినవి,
ఇంకా పత్తర్‌గట్టీ దుకాణం కవర్లోనే ఉన్నాయి.
మండీ హోటల్ గల్లాలోంచి అప్పు తెచ్చిన ఇరవైలు, యాభైలు,
లెక్కపెడితే నా వేళ్లకు ఏలకుల వాసన.
ఖార్తూమ్ బ్యాంకులో కూడా ఉన్నాయట.
ఆ బ్యాంకు ఉందో లేదో తెలీదట.

వాహిద్, ఇత్నేన్ అంటూ పెదాలు కదుపుతూ ఎంచాడు.
అరవై దాటాక తప్పాడు. మళ్లీ మొదటినుంచి.
వెనక ఎవరో కావాలని దగ్గారు.
ఎనిమిది వందలు తక్కువ పడ్డాయి.
"కల్" అన్నాడు.
నా పర్సులో ఏడొందల యాభై ఉన్నాయి.
తీయలేదు. ఇదీ రాయాలి.

నా బిడ్డ పేట్లబురుజులో పుట్టింది.
కాన్పు ఉచితమే. గోడమీద రాయని రేట్లు వేరే ఉండేవి:
స్ట్రెచర్ తోస్తే నూరు,
కొడుకని చెబితే ఐదొందలు,
బిడ్డని చెబితే రెండొందలు.
అమ్మ కొంగుముడి విప్పి
"సస్తాలో అయిపాయె" అని నవ్వింది,
కాసేపటికి కుళాయి దగ్గర కళ్లు కడుక్కుంటూ కనబడింది.
తొలికాన్పు పుట్టింటోళ్లదే కదా,
ఆ ముడిలో ఎన్ని నెలల పాల పైసలో.

ఇతిదాల్‌కు ఇక్కడ
కొంగుముడి ఎవరిది?

మూడూ పదికి ఫోన్ మోగింది.
ఆడపిల్ల. రెండు కిలోల తొమ్మిది వందలు.
నర్సరీ చార్జీలకు బిడ్డ పేర వేరే బిల్లు తెరవాలి.
పేరు: బేబీ ఆఫ్ ఇతిదాల్.
జాతీయత దగ్గర వేలు ఆగింది.
ఉమ్మనీరు ఇంకా ఆరలేదు,
ఈ పిల్ల చూసిన దేశం
మా రెండో అంతస్తు ఒక్కటే.
నొక్కాను. ఇతరులు.

సిస్టమ్ ఎర్ర చుక్కలు పెట్టి అడిగింది:
పాస్‌పోర్ట్ నంబరు. వీసా గడువు.
భారతదేశానికి వచ్చిన తేదీ. వచ్చిన మార్గం.
ఖాళీ వదిలితే ముందుకు పోనివ్వదు.

పాస్‌పోర్ట్‌కు సున్నాలు కొట్టాను, పట్టినన్ని.
వీసా గడువుకు తొమ్మిదులు.
వచ్చిన తేదీ: ఈరోజు.
మార్గానికి మూడే ఇచ్చాడు, విమానం, రోడ్డు, ఓడ.
చాలాసేపు చూసి ఓడ పెట్టాను.
తొమ్మిది నెలలూ
నీళ్లలోనే కదా వచ్చింది.

ముబారక్ రసీదు చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.
చెప్పులు నా కిటికీ ముందే మరచి
మెట్లు రెండేసి ఎక్కాడు.

ఆరింటికి డ్యూటీ దిగి వాటిని పైకి తీసుకెళ్లాను.
తల్లీ పిల్లా నిద్రలో ఉన్నారు.
మంచం కింద జతగా పెట్టాను,
వేళ్లు గుమ్మం వైపు ఉండేట్టు.
ఎడమదాని పట్టీ తెగి ఉంది,
పిన్నీసుతో కుట్టి ఉంది.